గుట్ట మీదికెల్లి కనవడ్డ సముద్రం

నా మోకాళ్లు మంచియి కావని మా బిడ్డకు తెల్సు. తెల్సి సుత నన్ను గుట్ట ఎక్కిచ్చింది. బొంబాయి అవతల సముద్రం ఒడ్డుపొంటి ఒక గుట్ట ఉన్నదట, దాని వీపు మీద సాఫుగ బాట ఉన్నదట, ముసలోళ్లు పిల్లలు అందరు నడుస్తరట, రా అమ్మా అని వచ్చిన కాడికెల్లి ఒక్కటే పోరు. తీరా పోయి చూస్తే జనం చేతుల కట్టెలు, కాళ్లకు బరువు బూట్లు, వీపులకు సంచులు. లడాయికి పోతున్నట్టే పోతున్నరు. నేను నా రబ్బరు చెప్పులతోనే నడిచిన. గిదొక ఎక్కుడా? మా ఊర్ల గొడ్లు మేతకు గింతకంటె ఎత్తు ఎక్కుతయి.

బాట మాత్రం మంచిగుండె. వానలు అప్పుడే వెనుకకు పట్టినయి. గడ్డి మోకాలెత్తు పెరిగి గాలికి ఒక్క దిక్కే వంగుతున్నది. ఎడమ దిక్కు సముద్రం. గాలిల ఉప్పు వాసన, దాని ఎంబడి ఏడనో ఎండబెట్టిన చేపల వాసన. ఒక మలుపు తిరిగేసరికి నా కాళ్లు ఆగినయి. సముద్రాన్ని చూసి కాదు. బాట పక్కన బండల సందుల గునుగు పూసి ఉన్నది.

తెల్లటి కంకులు, కొసకు జర గులాబి రంగు. అచ్చం మా చెల్కలల్ల పూసినట్టే. అందరు పక్కపొంటి పోతున్నరు, ఒక్కలు దాని దిక్కు చూస్తలేరు. మా దిక్కు బతుకమ్మ దినాలు నడుస్తున్నయి. జగిత్యాల అంగట్ల గిదే గునుగును కట్టలు కట్టి అమ్ముతరు. నేను వంగి కొన్ని కంకులు తెంపిన. వద్దమ్మా, ఎవలన్న చూస్తరు అని మా బిడ్డ కసిరింది. చూడనియ్. గునుగు తెంపితే ఎవలేమంటరు?

మనుమరాలు ఉరికచ్చి చెయ్యి పట్టుకున్నది.

"అమ్మమ్మా, నువ్వు సముద్రం చూసుడు గిదే మొదలా?"

"కాదు బిడ్డా. చిన్నప్పుడే చూసిన. మా ఊరి గుట్ట మీదికెల్లి."

మా అల్లుడు నవ్విండు. జగిత్యాలకు కోరుట్లకు నడుమ సముద్రం ఏడికెల్లి వచ్చె అత్తా అన్నడు. నవ్వితే నవ్వనియ్, ఆయిన తప్పేమున్నది. అక్కడొక రాతి అరుగుంటే కూలవడ్డ. మీరు ముంగటికి నడువుర్రి, నేను గీడనే ఉంట అన్న. గునుగు ఒళ్లె పెట్టుకొని కూసుంటే నా చిన్నప్పటి ఒక బతుకమ్మ మొత్తం నా ముంగట్కి వచ్చింది.

మాది కల్లు గీసే ఇల్లు. కడిగి బోర్లిచ్చిన లొట్లు, పులిసిన కల్లు వాసన, పొద్దుగాలనే మా బాపు కత్తి నూరే చప్పుడు, గివి లేని ఇల్లు నాకు యాదికి లేదు. అప్పుడే దించిన ఈత కల్లు తియ్యగుంటది. మా అవ్వ అటు మొకం తిప్పంగనే నేను, పక్కింటి పిల్ల బొప్పాయి కాడలు లొట్టిల పెట్టి పీల్చేటోళ్లం. ఇగ బడిల నిద్రే నిద్ర. పంతులు అడిగితే రాత్రంత దోమలు కుట్టినయని చెప్పేటోళ్లం. ఆయినకు తెల్వకనా? మా ఇంటి కల్లు ఆయిన సుత తాగేటోడే.

మా తాత తాడిచెట్టు మీదికెల్లి పడి పోయిండు. నేను పుట్టక ముందటి ముచ్చట. బాపమ్మ నోరు గప్పటిసంది చేదయిందని మా అవ్వ అనేది. బాపమ్మంటే మా బాపును కన్నతల్లి. బొట్టు లేని మొకం, నెరిసిన కొప్పు, పొద్దంత ఎవలనో ఒకలను తిట్టే నోరు. కోడళ్లిద్దరిట్ల చిన్న కోడలును ఎక్కువ తిట్టేది. ఆమె నాకు చిన్నవ్వ, మా చిన్న బాపు పెండ్లాం.

చిన్న బాపుకు సుత ఒక తాప చెట్టు మీద కాలు జారింది. నడుముకున్న మోకు పట్టి ఆపింది గాబట్టి బతికిండు. ఆయిన ఇంటికి రాంగనే బాపమ్మ ఆ మోకును అరుగు మీద ఏసి గొడ్డలితోని నరికింది. నువ్వు ఇగ చెట్టు ఎక్కద్దు కొడుకా, ఏ దేశమన్న పో, ఏ పనన్న చేస్కో, బతికి ఉండు అన్నది. మా దిక్కు గప్పుడప్పుడే దుబాయి ముచ్చట మొదలైంది. కోరుట్ల బస్టాండుల ఎవల నోట విన్నా అదే. చిన్న బాపు పెండ్లానికి ఒక సిరిసిల్ల చీర తెచ్చిచ్చి బొంబాయి పోయిండు. లాంచి ఎక్కుతున్న, సముద్రం దాటంగనే కబురు చేస్త అని ఆడికెల్లి వచ్చిన మనిషితోని మాట పంపిండు. గంతే. ఒక బతుకమ్మ పోయింది, ఇంకో బతుకమ్మ వచ్చింది. కబురు రాలే.

మా ఊరికి పడమర ఒక గుట్ట ఉండె. ఎత్తేం కాదు, పొడుగు. ఎద్దు పండుకున్నట్టుండేది. తోక దిక్కు ఎక్కితే వీపు మీద నడుసుకుంట పోయి తల దిక్కు దిగచ్చు. బతుకమ్మ దినాలు వచ్చినయంటే ఆ గుట్ట ఆడపిల్లలది. పైన తంగేడు, వాలు పొంటి గునుగు. తెల్లారంగనే వెదురు గుల్లలు పట్టుకొని పోయేటోళ్లం. పెద్దోళ్లల్ల మాతోని వచ్చేది చిన్నవ్వ ఒక్కతే.

చిన్నవ్వ బీడీలు చేసేది. ఆమె చేతులకు తునికాకు వాసన, తంబాకు వాసన. కొంగు ముడిల ఎప్పుడు సత్తుపిండి ఉండేది, నువ్వులు మక్కలు ఏంచి బెల్లంతోని దంచింది. తెంపినోళ్లకు బుక్కెడు, తెంపనోళ్లకు మొట్టికాయ. మేం పక్క చెల్కలకు దుంకి గునుగు తెంపుతుంటే ఆ చెల్క ముసలాయిన కట్టె పట్టుకొని ఉరికొచ్చేటోడు. చిన్నవ్వ ముంగట నిలవడి, నేనే తెంపమన్న మామా, పిల్లలేం చేసిన్రు అనేది. ఆయిన గొణుక్కుంట పోయేటోడు. ఇంటికి పోయినంక గునుగు కంకులను రంగుల ముంచుడు మా పని. పండుగ ఎల్లిపోయినా మా చేతులు ఎర్రగ, పచ్చగ ఉండేటియి. అదే చేతితోని అన్నం తింటే బాపమ్మ వీపు మీద ఒక్కటి ఏసేది.

గుట్ట నడిమిట్ల ఒక సాఫు బండ ఉండె. గుల్లలు నిండినంక చిన్నవ్వ ఆ బండ మీద కూసోని పడమటి దిక్కు చూసేది. పొలాలు, వాటెనుక తాడిచెట్లు, అవి దాటినంక ఎండకు మెరిసే తెల్లటి గీత.

"గదే సముద్రం. మీ చిన్న బాపు పోయే ముందట గీడికే తోల్కచ్చి చూపెట్టిండు. ఆ ఒడ్డున నేను, గీ ఒడ్డున నువ్వు, గింతే దూరం అన్నడు."

మేం నమ్మినం. నమ్మకేం చేస్తం, మాకు తెల్సిన నీళ్లు ఊరి చెరువు, బడి కాడి బోరింగు. బండ మీద వరుసగ నిలవడి, చిన్న బాపూ అని గొంతు చించుకొని ఒర్రేటోళ్లం. ఒర్రి, సప్పుడు చెయ్యకుంట ఆగి వినేటోళ్లం. ఆమె నవ్వుకుంట చూసేది. ఇగ చాలు, గొంతు పోతది అని కొంగుతోని మా మొకాలు తుడిచేది.

ఊర్లె ఆడోళ్లకు గీ ముచ్చట ఎట్లనో తెల్సింది. చెరువును పట్టుకొని సముద్రమంటున్నది, నీ కోడలుకు గాలి సోకింది, కొండగట్టు అంజన్న గుడి కాడ కొన్ని దినాలు నిద్ర చేపియ్యిర్రి అని బాపమ్మకు చెప్పిన్రు. బాపమ్మ కోడలును ఎంత తిట్టినా ఇంకొకలు ఒక మాటంటే ఓర్వకపోయేది. మీ ఇంటోళ్లను తోల్కపోర్రి, మా ఇంటి ముచ్చట మాకు ఎరుకనే అన్నది.

ఆ ఏడు బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల పొద్దు ఇంకో మాట ఊర్లె పడ్డది. దుబాయికెల్లి తిరిగొచ్చిన మనిషి ఒకాయిన మా కల్లు మండువల కూసోని చెప్పిండట, మనోళ్లను ఎక్కిచ్చుకున్న లాంచి ఒకటి నడి సముద్రంల మునిగింది, అండ్ల జగిత్యాల దిక్కోళ్లు సుత ఉండిరి అని. పేర్లు ఆయినకు తెల్వయి. తెల్వకున్నా ఊరు ఊరంత చిన్న బాపు పేరు పెట్టుకున్నది. బాపు రెండు దినాలు చెట్టు దిక్కు పోలే.

కులపెద్దలు వచ్చి అరుగు మీద కూసున్నరు. పీనుగు దొరకనోనికి మోదుగాకులతోని బొమ్మ చేసి కాలవెట్టాలె, లేకుంటే ఆ జీవి నీళ్లల్లనే తిరుగుతది, పండుగ పోంగనే గా పని చేద్దాం అన్నరు. చిన్నవ్వ అన్న సుత వచ్చిండు. మంచోడు. చెల్లె ఇంకా చిన్నది, బొమ్మను కాలవెట్టినంక మా ఇంటికి తోల్కపోత, ఎవలకన్న మారు మనువు ఇచ్చుకుంటం అన్నడు. చెడ్డ మాటేం కాదు. అందరు ఆమె మంచే కోరిన్రు. గని ఎవల మాట చూసినా మొదలు ఆమె బొట్టు తీసి, గాజులు పగులగొట్టాలె. చిన్నవ్వ తలుపెనుక బీడీలు చుట్టుకుంట విన్నది. చుట్టుడు ఆపలే. బాపమ్మను అడిగితే బాపమ్మ ఒక్క మాట మాట్లాడలే. అంత నోరున్న మనిషి.

బతుకమ్మ ఆఖరి దినం, సద్దుల పొద్దు తెల్లారంగనే చిన్నవ్వ నన్ను లేపింది. గుట్టకు మేమిద్దరమే పోయినం. మంచు పడి తంగేడంత తడిసి ఉండె. ఆమె మాట్లాడకుంట తెంపింది, గుల్ల నిండినా తెంపింది, కొంగుల సుత పోసుకున్నది. బండ కాడికి వచ్చినంక కూసోలే, నిలవడే చూసింది. చిన్న బాపును పిలువాల్నా అని అడిగిన. వద్దు బిడ్డా, గియ్యాల వద్దు అన్నది.

మా ఇంటి బతుకమ్మ ఆ ఏడు నా ఎత్తు లేసింది. అడుగున గుమ్మడాకులు, మీద వరుసకొక రంగు గునుగు, నడుమ తంగేడు, అంచులకు బంతి. అన్నిటి మీద పసుపు గౌరమ్మ. పొద్దుగూకే యాల్లకు ఆడోళ్లంత ఎత్తుకొని చెరువు కట్టకు పోయినం. చప్పట్లు కొట్టుకుంట తిరిగినం. చిన్నవ్వ సిరిసిల్ల చీర కట్టింది. ఎన్నడు లేనిది ఆమె ఎన్క ఒకలు, ముంగట ఒకలు తిరిగే జాగ ఖాళీగ ఉండె. నాకు దుఃఖమచ్చింది. నేను పోయి ఆ ఖాళీల నిలవడ్డ.

బతుకమ్మలను నీళ్లల్ల ఇడిసినం. అంతకు ముందే పసుపు గౌరమ్మను తీసి తాంబాలంల పెట్టుకుంటరు. అటెన్క ముత్తైదువలు ఒకలకొకలు ఆ పసుపును పుస్తెలకు పెట్టుకుంటరు. పెనిమిటి సల్లగుండాలని. తాంబాలం పట్టుకున్నామె వరుసగ పెట్టుకుంట వచ్చింది. మా అవ్వకు పెట్టింది. చిన్నవ్వ కాడికి రాంగనే ఆమె చెయ్యి ఆగింది. ఆమె సుత పాపిష్టిది కాదు, ఏం చెయ్యాల్నో ఆమెకు తెల్వలే. పక్కామె దిక్కు చూసింది. పక్కామె నీళ్ల దిక్కు చూసింది. చిన్నవ్వ పుస్తెలు చేతిల పట్టుకొని తల వంచుకొని నిలవడ్డది. ఎంతసేపో.

బాపమ్మ సద్దుల మూట పట్టుకొని దూరంగ ఉండె. బొట్టు లేనోళ్లు గౌరమ్మ కాడికి రారు. తాత పోయిన కాడికెల్లి ఆమె ఎన్నడు రాలే. ఆ పొద్దు మూట కింద పెట్టి నడిచొచ్చింది. ఆడోళ్లు పక్కకు జరిగిన్రు.

"నా కొడుకు సచ్చిండని నేను చెప్పిన్నా?"

తాంబాలం పట్టుకున్నామె ముంగట వచ్చి నిలవడ్డది.

"చెట్టు మీద పోతడని భయపడి నేనే నీళ్ల మీదికి తోలిన. నేను కన్న. నేను చెప్పేదాక వాడు బతికే ఉన్నడు." అటెన్క నా దిక్కు చూసింది. "నేను ముట్టద్దు. నువ్వు ముట్టచ్చు. మీ చిన్నవ్వకు పసుపు పెట్టు బిడ్డా."

నా చేతులకు ఇంకా గునుగు రంగులున్నయి. అవే చేతులతోని గౌరమ్మల కొంత పసుపు తీసి చిన్నవ్వ పుస్తెలకు రాసిన. సరింగ పెట్టచ్చిందో లేదో. నా ఏళ్ల ఎరుపు సుత వాటికి అంటింది. చిన్నవ్వ కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి, చప్పుడు లేదు. బాపమ్మ అప్పటికే ఎనుకకు మర్లి మూట ఇప్పుతున్నది. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు అందరికి పంచింది. ఇంతింత పెద్దయి చేస్తరా అని మా అవ్వను తిట్టింది. బాపమ్మ నోరు మల్ల తెరుసుకున్నదని నాకు పానం నిమ్మలమైంది. ఆ మలీద రుచి మల్ల ఏ సద్దులకు రాలే.

మోదుగాకు బొమ్మ కాలవెట్టలే. తల్లి ఒద్దన్నంక కులపెద్దలు ఏం చేస్తరు. చిన్నవ్వ అన్న మొకం చిన్నగ చేస్కొని పోయిండు. చిన్నవ్వ మా ఇంట్లనే ఉండిపోయింది. బీడీలు చుట్టింది, నన్ను పెంచింది, మంచాన పడ్డ బాపమ్మకు ఎత్తిపోసింది. బాపమ్మ ఆఖరి దినందాక ఆమెను తిట్టుకుంటనే ఉండె, ఆమె చేతి గంజే తాగింది. నాకు జగిత్యాలకు పెండ్లయినంక సుత ప్రతి సద్దులకు ఊరికి పోయి చిన్నవ్వ పుస్తెలకు నేనే పసుపు పెట్టేది. ఇంకెవలు పెట్టినా ఆమె తీసుకోకపోయేది.

ఇప్పుడు ఆ గుట్ట లేదు. గ్రానైటుకని కోసుకపోయిన్రు. ఎద్దు వీపు పోయింది, తల పోయింది, మిగిలిన గుంటల వాన నీళ్లు నిలవడుతయి. బండలను లారీలకు ఎక్కిచ్చి, ఓడలకు ఎక్కిచ్చి దేశాలు దాటిచ్చిన్రట. చిన్నవ్వ కూసున్న బండ సముద్రం దాటింది. కోతలు మొదలైన ఏడు నేను ఊరికి పోతే ఆమె వాకిట్ల కూసోని ఆ చప్పుడు వింటున్నది. అప్పటికి పండ్లు ఊడి, చెవులు మందగిచ్చినయి. ఎన్నేండ్లసంది కడుపుల దాసుకున్న ముచ్చట ఆ పొద్దు అడిగిన. చిన్నవ్వా, గుట్ట మీదికెల్లి కనవడేది సముద్రం కాదని నీకు ఎప్పుడు తెల్సింది అని.

నా దిక్కు ఎర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"అది మా తల్లిగారి ఊరి చెరువు బిడ్డా. అండ్ల ఈత కొట్టుకుంట పెరిగిన. నాకు తెల్వదా?"

"మరి సముద్రమంటివి?"

"ఆయిన సముద్రమన్నడు. ఆయిన వచ్చి కాదనేదాక సముద్రమే."

ఆ చెరువు అవతలి ఒడ్డుననే ఆమె కన్నోళ్ల ఇల్లు. తోల్కపోత అని చెప్పిన అన్న ఇల్లు, మారు మనువు చేస్త అన్న ఇల్లు. బతుకమ్మ దినాలల్ల పొద్దుకొక్కసారి గుట్టెక్కి ఆ ఇంటి దిక్కు చూసింది. చూసి మా ఇంటికి దిగొచ్చింది.

చిన్నవ్వ పోయినేడు పోయింది. ఆఖరుకు పసుపు పెట్టాల్నా వద్దా అని ఆడోళ్లు మల్ల గుసగుసలు వెట్టిన్రు. నేనెవలనూ అడగలే. బాపమ్మ ఎన్నడో చెప్పింది నాకు. మొకానికి నిండ పసుపు రాసి, రూపాయంత బొట్టు పెట్టి, ముత్తైదువ లెక్కనే సాగదోలిన.

మనుమరాలు తిరిగొచ్చి నా పక్కన కూసున్నది. పొద్దు సముద్రం మీదికి వంగింది. ఫోన్ల నక్ష తీసి వేలితోని గీసి చూపెట్టింది, అమ్మమ్మా, గీడికెల్లి సీదా నీళ్ల మీద పోతే దుబాయి దిక్కే అని.

నేను చూసిన. చెయ్యి అడ్డం పెట్టుకొని, కండ్లు చికిలిచ్చి చూసిన. నీళ్లే. ఒక తాడిచెట్టు లేదు, ఒక గట్టు లేదు, నీళ్లు పోయి మొగులును ముట్టినయి. అప్పుడు తెల్సింది. చిన్న బాపు అబద్ధం చెప్పలే. ఆయిన సుత ఎన్నడు సముద్రం చూడనోడే. సముద్రమంటే జర పెద్ద చెరువనుకున్నడు, ఇటు నిలవడితే అటున్నోళ్లు కనవడతరనుకున్నడు, అనుకొనే పెండ్లానికి చెప్పిండు. బొంబాయిల దిగి గీ నీళ్లను చూసిన పొద్దు ఆయినకు ఆ మాట యాదికి వచ్చే ఉంటది. దీనికి అవతలి ఒడ్డు లేదని తెల్సిన పొద్దు. తెల్సి సుత ఎక్కిండు. వెనుకకు వస్తే మల్ల చెట్టెక్కాలె, తల్లి ఎక్కద్దన్నది.

పానం ఆగక చిన్న బాపూ అని పిలిచిన. ఒర్రలే, మెల్లగనే అన్న. మనుమరాలు నా మొకంల మొకం పెట్టి చూసింది.

"అమ్మమ్మా, మీ ఊరి సముద్రం దీనికంటె పెద్దగుండెనా?"

"లేదు బిడ్డా, చిన్నదే. గని దానికి అవతలి ఒడ్డు ఉండె."

ఒళ్లెని గునుగును ఆ నీళ్లల్ల ఎయ్యబుద్ధి కాలే. కొంగుల ముడేసుకొని, ఆ పిల్ల చెయ్యి పట్టుకొని మెల్లగ దిగిన.